కింద నిలబడ్డ మనిషి

మూడో అంతస్తు నర్సమ్మ మొగుణ్ణి కాల్చుకు తింటోందట. పొద్దున్న లేస్తే అరుపులేనట. వారానికి రెండు గ్లాసులన్నా పగులుతున్నాయట. పైగా ఆ మహాతల్లి కట్టుకున్నవాణ్ణి పట్టుకుని "నువ్వు" అంటుందట.

ఈ మాట పుట్టింది పక్క వాటా పిన్నిగారి నోట్లో. ఆవిడ కింద ఇస్త్రీ కొట్టులో బట్టలిస్తూ, బట్టలతోపాటు ఈ సంగతి కూడా ఇచ్చింది. ఇస్త్రీ కొట్టావిడ దాన్ని మడత నలగకుండా నర్సమ్మ అక్కకి అందించింది. రెండు వీధుల అవతల ఉన్న అక్క చెవిన పడేసరికి గ్లాసులు కాస్తా పింగాణీ పళ్ళాలయ్యాయి. అరుపులు చేయి చేసుకోవడం దాకా వచ్చాయి.

"నిజం చెప్పవే, మరిదిని కొడుతున్నావా?" అని ఫోనులో అడిగేసింది అక్క.

"కొడితే పడేవాడిలా కనబడుతున్నాడా నీకు?"

"నవ్వులాట కాదే. గుమ్మం ముందు పెట్టిన చెత్తబుట్టలో గాజుపెంకులు మీ పక్క వాటావిడ కళ్ళారా చూసిందట."

"పరాయివాళ్ళ చెత్తబుట్టలో తలదూర్చే తీరికున్న మనిషికి నేనేం చెప్పను?"

నర్సమ్మ ఫోను పెట్టేసింది. కాదని మాత్రం అనలేదు. ఎలా అంటుంది? గాజుపెంకులు నిజం, అరుపులూ నిజం. ఎందుకో చెప్పడం కంటే గయ్యాళి అనిపించుకోవడమే నయమని ఆమె ఎప్పుడో లెక్క తేల్చుకుంది.

సంగతేమిటంటే, ఆమె మొగుడు దర్జీకి కుడి కన్ను పోయింది.

దర్జీ అంటే చొక్కాలూ లాగులూ కుట్టే దర్జీ కాదు. లారీల మీద కప్పే టార్పాలిన్లు, కొట్ల ముందు దింపే ఎండ పరదాలు, గుడారాలు కుట్టేవాడు. నర్సమ్మ ముద్దొచ్చినప్పుడు "దర్జీ దొరా" అంటుంది, కోపమొచ్చినప్పుడు ఉత్త "దర్జీ" అంటుంది. అయిదు నెలల కిందట అతని కుడి కంట్లో ఒక మూల నుంచి నల్లగా తెర దిగడం మొదలెట్టింది. పరదాల పని ఒప్పుకుని ఉన్నాడు కాబట్టి పది రోజులు ఓర్చుకున్నాడు. ఆ పది రోజుల్లో తెర మొత్తం దిగిపోయింది. "చదువుకోవచ్చు, పని చేసుకోవచ్చు, నడవచ్చు. కానీ ఏది ఎంత దూరంలో ఉందో ఒక్క కన్ను సరిగ్గా చెప్పదు. అలవాటు కావడానికి ఏడాది పడుతుంది. కొందరికి కాదు కూడా" అన్నాడు కళ్ళ డాక్టరు.

అప్పటి నుంచీ గ్లాసు బల్ల మీద పెట్టబోతే బల్లకి రెండు వేళ్ళ ఇవతల పెట్టేవాడు. టీ పోయబోతే కప్పు దాటి పోసేవాడు. అందుకని నర్సమ్మ పక్కన నిలబడి అరిచేది. "ఇంకా ముందుకి... ఇంకా... ఆఁ, పెట్టు." "చాలు, చాలు!" "ఇంకో మెట్టుంది, ఇంకోటి!" గోడ అవతల పిన్నిగారికి వినబడింది ఇదే.

టీ కప్పుకి ఎవరూ చావరు. నర్సమ్మ దిగులు టీ కప్పు గురించి కాదు. ఇంటి పైకప్పు నుంచి వేలాడుతున్న సంచి గురించి.

ఆ సంచి మూడు మనిషెత్తుల పొడుగు. హాల్లో కిటికీ దగ్గర మొదలై, వంటింటి గుమ్మం దాటి లోపలికి పోయేది. తలుపు పట్టడం లేదని దర్జీ రంపం తెచ్చి తలుపు పైఅంచులో గుండ్రంగా ఒక గంటు కోశాడు. ఆ సంచిలో ఉన్నది హ్యాంగ్ గ్లైడర్. అల్యూమినియం గొట్టాలు, వాటి మీద తెరచాప గుడ్డ, కింద మనిషి పట్టుకునే కడ్డీ. గొట్టాలు విప్పి గుడ్డ సాగదీస్తే ఒక వాకిలంత రెక్క. ఇద్దరూ దాన్ని రెక్క అనే అంటారు. పిల్లల్లేరా అని ఎవరన్నా అడిగితే దర్జీ నోటితో జవాబు చెప్పేవాడు కాదు, వేలితో పైకప్పు చూపించేవాడు.

వాళ్ళ పెళ్ళే ఆ రెక్క చేసిన పెళ్ళి. ఊరవతల గుట్ట మీద ఎగరడం నేర్చుకోవడానికి ఆమె వచ్చిన మొదటి రోజు, రెక్క ముక్కు పట్టుకుని నిలబడ్డవాడు అతను. "భయమైతే చెప్పండి, వదలను" అన్నాడు. "వదలకపోతే ఎగిరేదెలా?" అంది ఆమె. పన్నెండేళ్ళయింది. ఇద్దరికీ ఒకటే రెక్క. ఒక ఆదివారం అతను, మరో ఆదివారం ఆమె. ఒకరు పైనుంటే ఒకరు కింద మైదానంలో నిలబడి చూడాలి. ఆ కట్టుబాటు వాళ్ళు పెట్టుకున్నదే, ఎన్నడూ తప్పలేదు.

ఆరు రోజులు నర్సమ్మ ఉండేది ఆసుపత్రిలో పిండికట్లు వేసే గదిలో. తడిపిన పట్టీలు, తెల్లటి బురద, కట్లు కోసే రంపం చప్పుడు, జనం ఏడుపులు. ఆ గదికి ఒకటే కిటికీ, దానికి ఎదురుగా గోడ. ఏడో రోజు ఆమెకి గుట్ట ఉండేది. కాళ్ళ కింద చెట్లన్నీ కొత్తిమీర కట్టల్లా కనబడేవి. ఆ రెండు గంటల కోసం రెండు వారాలు ఆ తెల్లటి బురద కలిపేది.

కన్ను పోయిన వారం ఆమె అడిగింది. "గుట్ట మీద తాతకి చెబుదామా?"

తాత అంటే గాలితాత. గుట్ట మీద ఎవరు ఎగరాలో, ఎవరు ఎగరకూడదో చెప్పేది ఆయన. డెబ్బై ఏళ్ళ మనిషి, గాలిలోకి ఒక గడ్డిపరక వదిలి చూసి "ఇవాళ వద్దు" అంటే అంతే సంగతులు.

"చెప్పు," అన్నాడు దర్జీ తాపీగా. "చెప్పిన మర్నాడు ఈ సంచి ఈ ఇంట్లో ఉండదు. ఎవడికో ఇచ్చేస్తా. నువ్వు పైన తిరుగుతుంటే నేను కింద గడ్డి పీకుతూ కూర్చోలేను నర్సమ్మా. ఎగిరితే ఇద్దరం. లేదా ఎవ్వరం వద్దు."

"పడతావురా బాబూ! దిగేటప్పుడు చూపు కావాలి కదా."

"చూపు నీదుంది కదా. కింద నిలబడి చెప్పు. తొయ్ అను, తోస్తాను."

రెక్కతో ఎగరడం కష్టం కాదు, దిగడం కష్టం. నేల దగ్గరపడి, సరిగ్గా మనిషెత్తు దూరం ఉందనగా, చేతుల్లోని కడ్డీని ఒక్క ఊపున ముందుకి, పైకి తోయాలి. ముక్కు లేస్తుంది, రెక్క గాలిలో నిలబడిపోతుంది, కాళ్ళు నేలకి ఆనుతాయి. ముందుగా తోస్తే ఎగిరి వెనక్కి పడతారు. తోయడం ఆలస్యమైతే ముక్కు వెళ్ళి నేలకి గుద్దుకుంటుంది. ఆ మనిషెత్తు ఎంతో కొలవడం ఇప్పుడు దర్జీ వల్ల కాదు.

నర్సమ్మ ఒప్పుకుంది. మొగుడి సరదా తీర్చడానికి ఒప్పుకున్నానని తనకి తాను చెప్పుకుంది గానీ అది పూర్తి నిజం కాదు. తన ఆదివారం పోకూడదు. అదీ సంగతి.

మొదటిసారి అతను మైదానం మీదికి తక్కువ ఎత్తులో వస్తున్నాడు, తల కొంచెం కుడివైపు తిప్పి, మంచి కన్ను ముందుకి పెట్టి. "తొయ్!" అని కేక పెట్టింది. తోశాడు. పిట్ట కొమ్మ మీద వాలినట్టు వాలాడు. గాలితాత గుట్ట మీంచి దుర్భిణిలో చూసి, తర్వాత ఆమెతో "మీ ఆయన దిగడం ఇవాళ మరీ ముచ్చటగా ఉంది" అన్నాడు. నర్సమ్మ నవ్వలేక నవ్వింది. రెండోసారి బాగానే దిగాడు. అయిదోసారికి దర్జీ నేల వంక చూడటమే మానేశాడు. చెవితోనే దిగుతున్నాడు.

"నీ గొంతున్నన్నాళ్ళు నాకు కన్నెందుకే?" అన్నాడు ఆ సాయంత్రం వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతూ. కత్తి వేలికి దగ్గరగా పోతోంది.

"వేలు!" అని అరిచింది నర్సమ్మ.

గోడ అవతల పిన్నిగారి కుర్చీ చప్పుడు చేసుకుంటూ గోడ దగ్గరికి జరిగింది.

తర్వాతి వంతులో గాలి అడ్డం తిరిగింది. ఆమె కేక వేసింది గానీ గాలి దాన్ని అటు పట్టుకుపోయింది. అతనికి వినబడిందో, ఊహించాడో, క్షణం ఆలస్యంగా తోశాడు. మోకాళ్ళ మీద పడి, పది గజాలు ఈడ్చుకుపోయాడు. లేచి మట్టి దులుపుకుని "నీ గొంతు తగ్గిందోయ్, మిరియాల కషాయం తాగు" అన్నాడు. ఆమె అతని మోకాళ్ళు కడిగి, గుచ్చుకున్న రాళ్ళు ఏరింది.

"ఇక ఆపేద్దాం," అంది ఇంటికొచ్చాక.

"ఏది?"

"నీ వంతు. నువ్వు ఎగరొద్దు."

"సరే. సంచి ఎవరికివ్వాలో కూడా చెప్పు."

"అంత పంతమేంటి నీకు? నేనొక్కదాన్ని ఎగిరితే ఏం అరిగిపోతావు?"

"అరిగిపోను. చచ్చిపోతా." దర్జీ నవ్వాడు. నవ్వుతూనే బూట్లు విప్పడానికి వంగి, లేస్తూ సంచికి నుదురు కొట్టుకున్నాడు. పన్నెండేళ్ళుగా దాని కింద వంగి నడిచిన మనిషి. ఆమె అరవడం మర్చిపోయింది.

ఆ వారమంతా పిండికట్ల గదిలో నర్సమ్మ పరధ్యానంగా ఉంది. అక్కడ కూర్చుని పన్నెండేళ్ళలో ఆమె నేర్చిందేమిటంటే, విరిగిన ఎముకని చూస్తే చాలు మనిషి ఎలా పడ్డాడో తెలుస్తుంది. చేయి చాపి ముందుకి పడితే మణికట్టు. మెట్టు తప్పితే చీలమండ. కాసేపు ఏడ్చి, ఆరు వారాలు కట్టుతో తిరిగి, మళ్ళీ మామూలైపోయేది మణికట్టు. బుధవారం అలాంటి మణికట్టుకి కట్టు వేస్తుండగా ఆమెకి ఆ ఆలోచన వచ్చింది. వచ్చాక పోలేదు.

ఒక్కసారి తను అరవకపోతే?

ఊరికే ఒక్కసారి. మెత్తటి గడ్డి మీద, గాలి లేని రోజు, తక్కువ వేగంలో. తను అరవకపోతే అతను తనంతట తోస్తాడు. ఆలస్యంగా తోస్తాడు, పడతాడు, మణికట్టు విరుగుతుంది. ఆరు వారాలు ఇంట్లో కూర్చుంటాడు. వద్దన్న మాట తన నోటి నుంచి రాదు, తాత నోటి నుంచీ రాదు. నేలే చెబుతుంది. నేల మీద పంతం పట్టే మొగాడు లేడు. ఆ ఆరు వారాల్లో మెత్తబడతాడు, సంచి పైకప్పుకే ఉండిపోతుంది. అదే నయం, ఏదో ఒక రోజు మెడ విరగ్గొట్టుకుని చచ్చేదాని కంటే.

కూరలు బేరమాడినట్టు ఆమె ఎముకని బేరమాడింది. కడ్డీకి రెండు చిన్న చక్రాలు కూడా తగిలించింది, పడ్డా దొర్లుతుందని. "ఇవెందుకు?" అంటే "మోయడానికి సుఖంగా ఉంటుంది" అంది. దర్జీ మెచ్చుకున్నాడు.

మళ్ళీ అతని వంతు వచ్చిన ఆదివారం ఆకాశం మబ్బు పట్టి, బూడిద రంగులో, కదలకుండా ఉంది. ముందు రోజు వాన పడి గడ్డి మెత్తగా తడిసింది. మైదానం అంచున గాలి ఎటు వీస్తోందో చూసుకోవడానికి కట్టిన ఎర్రగుడ్డ గొట్టం, అది దర్జీ కుట్టిందే, కర్రకి అతుక్కుని వేలాడుతోంది. నర్సమ్మ ఎప్పుడూ నిలబడే చోటే నిలబడింది. ఆమెకి అన్నీ కుదిరాయి.

గుట్ట మీద తాత అతన్ని రెక్కకి వేలాడదీసే జీను కొక్కెం లాగి చూసి, సరే అని భుజం తట్టడం దూరం నుంచి కనబడింది. నాలుగడుగులు పరిగెత్తి దర్జీ గాల్లోకి లేచాడు. గాలి లేదు కాబట్టి పైన ఎక్కువసేపు ఉండలేదు. రెండు చుట్లు తిరిగి మైదానం వైపు దిగాడు. దగ్గరికి వస్తుంటే అతని మొహం కనబడింది. చిన్నగా నవ్వుతున్నాడు. కళ్ళు నేల మీద లేవు, ఆమె మీదా లేవు. ఎదురుగా ఎక్కడో ఉన్నాయి, పాట వినేవాడి కళ్ళలాగ.

రెండు మనిషెత్తులు. ఒకటిన్నర. ఒకటి.

నర్సమ్మ పళ్ళ మధ్య నాలుక బిగబట్టింది.

ఆమె లెక్కంతా సరిగ్గానే ఉంది, ఒక్కటి తప్ప. మాట రాకపోతే తనంతట తోస్తాడనుకుంది. అతను తోయలేదు. ఎదురుచూశాడు. మోకాళ్ళు గడ్డికి తగులుతున్నా ఎదురుచూశాడు. ఆఖరి క్షణంలో ఆమె "తొయ్" అనబోయింది, నోరు తెరిచింది కూడా. అప్పటికే చక్రాలు తడిమట్టిలో కూరుకుపోయాయి, ముక్కు నేలలో దిగింది, రెక్క అతన్ని లోపలేసుకుని ముందుకి బోర్లా పడింది. కడ్డీ వదలని కుడిచేయి ఒక వైపు, ఒళ్ళు ఒక వైపు తిరిగాయి. ఎండుకొమ్మ విరిగిన చప్పుడు. ఆ చప్పుడు వింటేనే ఆమెకి తెలిసిపోయింది, అది మణికట్టు కాదని.

భుజానికీ మోచేతికీ మధ్య ఎముక మెలితిరిగి విరిగింది. ఆ ఎముకని చుట్టుకుని ఒక నరం పోతుంది. చేతిని మణికట్టు దగ్గర పైకెత్తేది ఆ నరమే. ఆసుపత్రిలో ఆమే అతని అరచేయి కింద తన అరచేయి పెట్టి "ఎత్తు" అంది. ఎత్తలేదు. "ఎత్తు దర్జీ" అంది. ఆ చేయి, గాలిలేని గుడ్డ గొట్టంలా, అలాగే వేలాడింది. "నరం తిరిగి పుంజుకోవచ్చు, పుంజుకోకపోవచ్చు" అన్నాడు ఎముకల డాక్టరు. ఈ మాట అదే గదిలో ఎందరికో చెబుతుంటే ఆమె వింది. చివరి ముక్క ఎక్కువసార్లు నిజం కావడమూ చూసింది.

విరిగిన రెక్కని మడిచి ఇంటికి తెచ్చిచ్చింది గాలితాత. సంచి పైకప్పుకి కడుతూ అడిగాడు. "కింద నువ్వే ఉన్నావు కదమ్మా. ఏమైంది?"

"గాలి తిరిగింది తాతా."

ఆయన కొక్కానికి ముడి వేసి, కిందికి దిగి, చేతులు దులుపుకున్నాడు. ఆ రోజు ఎర్రగొట్టం ఎలా ఉందో ఆయనా గుట్ట మీంచి చూశాడు. టీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు.

దర్జీ అయితే అసలేమీ అడగలేదు. మొదటి వారం, మందుల మత్తు అనుకుంది. రెండో వారం, నొప్పి అనుకుంది. మూడో వారానికి అనుకోవడానికి ఏమీ మిగల్లేదు. అతను ఎడంచేత్తో తినడం నేర్చుకున్నాడు. గాజుగ్లాసుల బదులు స్టీలు గ్లాసులొచ్చాయి. టీ ఆమే పోసి, ఆమే చేతికిచ్చేది. "చాలు" అనే పని ఎవరికీ లేదు. కుట్టు కొట్లో అతని మిషను మీద ఇంకొకరు కూర్చున్నారు. ఈ సంగతి చెప్పడానికి కొట్టు యజమాని వస్తే దర్జీ "సూది జాగ్రత్త, ఎడమకి లాగుతుంది" అని మాత్రం అన్నాడు. పగలంతా మంచం మీద పడుకుని పైకప్పుని చూసేవాడు. సంచి కంటే అతను ఎక్కువగా చూసేది వంటింటి తలుపు మీద గంటుని.

అడిగితే చెప్పేద్దామని ఆమె రోజూ అనుకునేది. గదిలోకి వెళ్ళినప్పుడల్లా ఆ అడగడం కోసం చూసేది. అతను దుప్పటి సర్దమనేవాడు. కిటికీ వేయమనేవాడు. కట్టు కింద దురదగా ఉందంటే అల్లిక సూది తెచ్చి గోకేది.

నాలుగో వారం, ఒక మధ్యాహ్నం, అక్క వచ్చింది. అక్క వచ్చి కూర్చుందో లేదో పక్క వాటా పిన్నిగారు నాలుగు పళ్ళు సంచిలో వేసుకుని వచ్చింది. ఆవిడ ఈ ఇంట్లో అడుగుపెట్టడం అదే మొదలు. కళ్ళు ముందు చెత్తబుట్ట మీద, తర్వాత పైకప్పు మీద, ఆ తర్వాత రోగి మీద పడ్డాయి.

"ఎంత పనైపోయింది నాయనా! ఈ వయసులో ఆ గాలి సరదాలేంటి, హాయిగా ఇంట్లో కూర్చోక?"

"ఇప్పుడు కూర్చున్నాను కదండీ," అన్నాడు దర్జీ.

అక్క నవ్వింది. పిన్నిగారు నవ్వలేదు. కుర్చీ మంచం దగ్గరికి లాక్కుంది.

"అదేం చిత్రమో గానీ, ఈ నెలంతా మీ ఇంట్లో అలికిడే లేదు. ఇదివరకు మా గోడ దద్దరిల్లిపోయేది, ఏమీ అనుకోకమ్మా." ఆవిడ నర్సమ్మ వైపు తిరిగి మళ్ళీ అతని వైపు తిరిగింది. "ఒకందుకు మంచిదేలే. కష్టమొస్తే మొగుడూ పెళ్ళాం దగ్గరవుతారు. చూడు, ఎంత నెమ్మదైపోయిందో మీ ఆవిడ!"

"నెమ్మదా, ఇదా!" అంది అక్క. "చిన్నప్పుడు దీని కేకకి కుక్కలు వీధి మారిపోయేవి."

నర్సమ్మ పిన్నిగారు తెచ్చిన పళ్ళు కడగడానికి వంటింట్లోకి వెళ్ళింది. కుళాయి తిప్పలేదు. గంటు కోసిన తలుపు వెనక చెవి ఒగ్గి నిలబడింది.

"ఇంతకీ ఎలా పడ్డావు నాయనా?" అంటోంది పిన్నిగారు. "కింద ఇస్త్రీ కొట్టులో ఒకరు తాడు తెగిందంటారు, ఒకరు కళ్ళు తిరిగాయంటారు. నోటికొకటి."

"గాలి తిరిగిందటండీ," అని అక్క అందుకుంది. "మా చెల్లెలు దగ్గరే ఉంది, కళ్ళారా చూసింది. అంతేనా మరిదీ? గాలేగా?"

మంచం కిర్రుమంది. దర్జీ ఎడంచేత్తో కుడిచేతిని ఎత్తి, పడుకున్న పసిపిల్లని జరిపినట్టు, ఒళ్ళోకి జరుపుకున్నాడు. నర్సమ్మ చేతిలో తడవని పళ్ళతో గుమ్మంలోకి వచ్చి నిలబడింది. అతను తల కుడివైపు తిప్పి, మంచి కన్నుతో ఆమెనే చూస్తూ జవాబిచ్చాడు.

"గాలి లేదండీ. ఇది అరవలేదు."